కోఠీ రెసిడెన్సీని ఎలా చూడాలి

హైదరాబాదు కోఠీలోని పాత బ్రిటిష్ రెసిడెన్సీని, అంటే నిజాం కొలువులో ఈస్టిండియా కంపెనీ ప్రతినిధిగా ఉన్న రెసిడెంటు నివాసాన్ని, చూడబోయేవారు 1798 నాటి సంగతి ఒకటి తెలుసుకుని బయలుదేరడం మంచిది. ఆ ఏడాది నిజాం అలీఖాన్ ఈస్టిండియా కంపెనీతో సైన్యసహకార ఒప్పందం చేసుకుని, తన కొలువులోని ఫ్రెంచి అధికారుల పటాలాన్ని రద్దు చేసి, కంపెనీ సేనను తన ఖర్చుతో పోషించడానికి ఒప్పుకున్నాడు. ఆ సంతకం లేకపోతే ఈ భవనమే లేదు.

ప్రాంగణం 1949 నుంచి మహిళల చదువులకే ఉపయోగపడుతోంది కనుక లోపలికి అనుమతి ఎప్పుడిస్తారో ముందే విచారించుకోండి. వెళ్లాక వెంటనే మెట్లెక్కకుండా, కింద రెండు సింహాల మధ్య కాసేపు నిలబడి పైకి చూడండి. ఎత్తయిన కొరింథియన్ స్తంభాలు, వాటిపైన త్రికోణంలో కంపెనీ చిహ్నం కనిపిస్తాయి. రెసిడెంటు దర్బారుకు వచ్చిన అమీరులు వీటిని చూస్తూనే ఆ మెట్లెక్కేవారు. వారు తమను తాము చిన్నగా భావించుకోవాలన్నదే ఆ కొలతల ఉద్దేశమని నా అభిప్రాయం. నమూనా గీసినవాడు మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందిన శామ్యూల్ రస్సెల్, ఖర్చు భరించినవాడు నిజాం. ఇంటివాడి సొమ్ముతో ఇంటివాడినే చిన్నబుచ్చే వాకిలి కట్టడమంటే ఇదే.

లోపల ఎవరో ఒకరు రెసిడెంటు కిర్క్‌పాట్రిక్, హైదరాబాదు కులీన కుటుంబపు యువతి ఖైరున్నిసాల ప్రేమకథ తప్పక చెబుతారు. కథ నిజమైనదే, ఆమె కోసం కట్టిన రంగ్ మహల్ కూలిపోయినా, రెసిడెన్సీ భవనపు చిన్న నమూనా ఒకటి తోటలో మిగిలింది. వినండి, కానీ అక్కడితో ఆగవద్దు. 1805లో పిల్లలిద్దరినీ ఇంగ్లండుకు పంపించాక ఆ తల్లి వారిని మళ్లీ చూడనే లేదన్న సంగతి, ఈ ఇంట్లో కూర్చున్న రెసిడెంట్లు దివాను పదవి ఎవరికి దక్కాలన్నదాంట్లో కూడా తలదూర్చారన్న సంగతి ఆ కథలో సాధారణంగా జారిపోతాయి. పాత దొరల కాలాన్ని తలచుకుని నిట్టూర్చేవారికి దీపాల షాండ్లియర్లు గుర్తుంటాయి, ఒప్పందాలు గుర్తుండవు.

బయటకు వచ్చాక బజారు పేరు అడగండి. రెసిడెన్సీ బజారుగా ఉన్న ఆ ప్రాంతం తిరిగి నిజాం ఏలుబడిలోకి వచ్చాక సుల్తాన్ బజారు అయింది. అక్కడి నుంచి కోఠీ బస్టాండు దగ్గరి తుర్రేబాజ్ ఖాన్ స్మారకం దాకా నడవండి. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ ఇద్దరూ రోహిల్లా (పఠాన్) యోధులతో కలిసి రెసిడెన్సీ మీద దాడి చేశారు. మౌల్వీని అండమాన్‌కు పంపించారు, ఖాన్‌ను 1859లో చంపి శవాన్ని అందరూ చూసేలా వేలాడదీశారు. బస్సుల హారన్ల మధ్య ఆ స్మారకాన్ని వెతుక్కోవలసి వస్తుంది.

రెండోసారి వెళ్లే వీలుంటే వరుస మార్చండి: ముందు స్మారకం, ఆ తరువాతే సింహాలు, మెట్లు.