డిస్కులకు పేర్లు, 4వ పాఠం: 16 బైట్ల లెక్క

గత పాఠంలో లినక్స్ ఫైల్ వ్యవస్థ ఈఎక్స్‌టీ4లో లేబుల్, అంటే డిస్కుకు పెట్టే పేరు, 16 అక్షరాలు మించకూడదని రాశాను. ఆ మాట తప్పు, పరిమితి 16 బైట్లు. నా మాట నమ్మి ఈ2లేబుల్ ఆదేశంతో "సినిమాలు" అని పేరు పెట్టినవారికి లేబుల్ తెగిపోయిందన్న హెచ్చరిక కనిపించి ఉంటుంది. దాన్ని చదవకుండా, బూట్‌లో ఏ డిస్కులు తెరవాలో చెప్పే ఎఫ్‌స్టాబ్ ఫైలులో పూర్తి పేరు రాసినవారి యంత్రం తర్వాతి బూట్‌లో ఆ డిస్కు కోసం 90 సెకన్లు ఎదురుచూసి, అత్యవసర షెల్‌లో ఆగిపోయి ఉంటుంది. ఎఫ్‌స్టాబ్‌లో "నోఫెయిల్" అన్న ఐచ్ఛికం చేర్చితే బూట్ ఆగదు. నేను బయటి డిస్కులన్నిటికీ దాన్ని తప్పక పెడతాను.

అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు హల్లుకు 3 బైట్లు, గుణింతపు గుర్తుకు మరో 3. కంటికి నాలుగక్షరాలే అయిన "సినిమాలు" ఈ లెక్కన 24 బైట్లు. 16 దగ్గర కోత పడితే "సినిమ" వరకు 15 బైట్లు మిగిలి, దాని వెనుక దీర్ఘపు గుర్తులోని మొదటి బైటు ఒక్కటే తోకలా వేలాడుతుంది. "పాటలు" 15 బైట్లతో ఇముడుతుంది, "కథలు" 12తో హాయిగా ఇముడుతుంది. ఒత్తుల దగ్గర పొల్లు గుర్తుకూ 3 బైట్లు పడతాయి కనుక "త్రా" ఒక్కటే 12 మింగుతుంది. లెక్క చూడడానికి ఎకో ఆదేశం వాడకండి, అది చివర కొత్త వరుస గుర్తును చేర్చి ఒక బైటు ఎక్కువ చూపిస్తుంది. ప్రింట్‌ఎఫ్ ఫలితాన్ని బైట్లు లెక్కించే "డబ్ల్యూసీ -సీ"కి పంపండి. నా మట్టుకు నేను చిన్న బడి ఇంగ్లిష్ అక్షరాలు, హైఫన్ తప్ప మరేమీ వాడను.

ఇతర ఫైల్ వ్యవస్థల్లో ఎక్స్‌ఎఫ్‌ఎస్‌కు పరిమితి 12 బైట్లే, ఫ్యాట్‌కు 11, బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌కు 255. ఎక్స్‌ఎఫ్‌ఎస్‌_అడ్మిన్ పాత వెర్షన్లలో పేరు మార్చే ముందు డిస్కును అన్‌మౌంట్ చేయాల్సి (వ్యవస్థ నుంచి విడదీయాల్సి) వచ్చేది.

అభ్యాసానికి అసలు డిస్కును ముట్టుకోకండి. ట్రంకేట్ ఆదేశంతో 64 మెగాబైట్ల ఫైలు సృష్టించి, దానిలో ఈఎక్స్‌టీ4 వేసి, "పుస్తకాలు" అని లేబుల్ పెట్టి, ఎంత మిగిలిందో చూడండి. తర్వాత ఆ ఫైలుకు నకలు తీసి, నకలు లేబుల్ మార్చి, రెండింటినీ డిస్కుల వివరాలు చూపే బీఎల్‌కేఐడీతో పోల్చండి. లేబుళ్లు వేరైనా యూయూఐడీ (ఫైల్ వ్యవస్థను గుర్తించే ప్రత్యేక సంఖ్య) ఒకటిగానే ఉంటుంది. ట్యూన్2ఎఫ్‌ఎస్‌తో నకలుకు కొత్త యూయూఐడీ ఇచ్చాకే 5వ పాఠానికి రండి.