పాత ఇంటి సామానుతో కొత్త ఇల్లు – నాలుగో పాఠం: పాత కలప చూసి కొనడం

పోయిన పాఠంలో పాత ఇటుకను తూచి, ఒక రోజంతా నీళ్లలో నానబెట్టి, మళ్లీ తూచమని చెప్పాను. బరువు 20 శాతం కంటే ఎక్కువ పెరిగితే ఆ ఇటుకను గోడకు వాడొద్దు. సున్నంతో కట్టిన గోడ ఇటుకలు తాపీతో నాలుగు దెబ్బలు వేస్తే శుభ్రపడతాయి. సిమెంటు గోడవి అలా కావు, మాలు ఊడేలోపు ఇటుకే విరుగుతుంది. చవగ్గా వస్తున్నాయని వాటి జోలికి వెళ్లకండి. ఇక కలపకు వద్దాం.

పాత ఇల్లు విప్పినప్పుడు ఎక్కువ ధర పలికేది కలపే, ఎక్కువ మంది మోసపోయేదీ దాని దగ్గరే. పాలిష్ కొట్టి నిలబెట్టిన తలుపు చూస్తే లోపల పుచ్చు ఉందో లేదో ఎవరికీ తెలియదు. అందుకే షాపులో మెరిసే సరుకు వదిలేసి, దుమ్ముతో, మేకులతో, పాత రంగుతో ఉన్నదాన్నే చూపించమని అడగండి. వీలుంటే ఇల్లు విప్పుతున్న చోటికే వెళ్లండి. ఏ ముక్క గోడలో ఉందో, ఏది వాన పడే చోట ఉందో అక్కడైతే కళ్లారా చూడొచ్చు.

మన మండువా ఇళ్లలో ముఖ్యంగా టేకు, నల్లమద్ది దొరుకుతాయి. కోస్తాలో తాటి దూలాలు, తాటి వాసాలు కూడా వస్తాయి. టేకును, తాటిని ఒకే కన్నుతో చూడకూడదు. టేకులో బలం చేవలో, అంటే లోపలి ముదురు భాగంలో ఉంటుంది. దాని చుట్టూ ఉండే తెల్లటి పొరను చెద ఇష్టంగా తింటుంది. పాత టేకు దూలం అంచుల్లో చెద తిన్న గాడులు కనిపించినా కంగారు పడక్కర్లేదు. చాలాసార్లు ఆ తెల్ల పొర పోయి చేవ చెక్కుచెదరకుండా ఉంటుంది. తాటికి ఇది పూర్తిగా తలకిందులు. దాని బలమంతా బయటి నల్లటి పొరలోనే ఉంటుంది, నడిమి భాగం మెత్తగా పీచులా ఉంటుంది. నునుపుగా కనబడాలని తాటి దూలానికి బయట చిత్రిక పట్టించారంటే, మీరు డబ్బు పెట్టి కొన్న బలాన్ని మీరే పొట్టుగా రాల్చినట్టు.

ఇప్పుడు పరీక్ష. దూలాన్ని ముందు కొనల దగ్గర చూడండి. గోడలోకి దిగి ఉన్న ఒకటి రెండు అడుగులు చెమ్మ పీల్చి మొదట పాడవుతాయి. అక్కడ స్క్రూడ్రైవర్ కొనతో గట్టిగా పొడవండి. మంచి చేవలో కొన దిగదు. పుచ్చిన చోట పెద్దగా బలం పెట్టకుండానే దిగిపోతుంది. తర్వాత సుత్తితో ఈ చివర నుంచి ఆ చివర దాకా తడుతూ రండి. శబ్దం ఖంగుమని వస్తూ ఎక్కడో బోలుగా మారితే అక్కడ ఆగి చూడండి. సన్నటి కన్నాల కింద తాజాగా పిండి రాలుతుంటే పురుగు ఇంకా లోపల బతికే ఉంది, ఆ ముక్కను ఇంటికి తేవద్దు. చివరగా ఒక మూల కాస్త చెక్కించండి. టేకైతే బంగారు గోధుమ రంగు, చేతికి తగిలే జిడ్డు, తోలును గుర్తుచేసే వాసన వెంటనే తెలుస్తాయి. చెక్కనివ్వని వ్యాపారి దగ్గర నేనైతే కొనను.

లెక్క ఇక్కడే నేర్చుకోవాలి. కలపను ఘనపుటడుగుల్లో, అంటే సీఎఫ్‌టీల్లో అమ్ముతారు. వెడల్పు అంగుళాలు, మందం అంగుళాలు, పొడవు అడుగులు గుణించి 144తో భాగించాలి. 6 అంగుళాల వెడల్పు, 4 అంగుళాల మందం, 10 అడుగుల పొడవున్న దూలం 1.67 సీఎఫ్‌టీ వస్తుంది. చెడిన కొనలు కలిపి ఒక అడుగు కోసి, అన్ని వైపులా పావు అంగుళం చొప్పున చిత్రిక పడితే మీకు మిగిలేది ఐదున్నర అంగుళాల వెడల్పు, మూడున్నర అంగుళాల మందం, 9 అడుగుల పొడవు. అది 1.2 సీఎఫ్‌టీ మాత్రమే. నాలుగో వంతుకు పైగా పోయింది. బేరం ఈ రెండో అంకె మీద జరగాలి. కొత్త టేకు ధరతో పోల్చేటప్పుడు కూడా ఇదే అంకె వాడండి, కోత కూలి, చిత్రిక కూలి కలపడం మరవకండి. ఇదంతా కలిపాక కొన్నిసార్లు పాత కలప చవక కాదని తేలుతుంది. అయినా అంత ముదురు చేవ కొత్త సరుకులో అరుదు కాబట్టి నేను పాతదానివైపే మొగ్గుతాను.

సామిల్లుకు పంపే ముందు మేకులు పీకాలి. లోపల విరిగి ఉండిపోయిన ముక్కల కోసం పాత స్పీకర్ అయస్కాంతాన్ని మెల్లగా జరుపుతూ వెళ్లండి. కనిపించని ఒక్క మేకు రంపం పళ్లు పాడుచేస్తుంది, అందుకే చాలా సామిల్లుల వాళ్లు పాత కలప అనగానే ముఖం తిప్పుకుంటారు.

పాత రంగు విషయంలో మాత్రం తొందర వద్దు. ఇంటి రంగుల్లో సీసం (లెడ్) అనే విషపు లోహాన్ని 90 పీపీఎంకు, అంటే పది లక్షల భాగాల్లో 90కి కట్టడి చేసే నిబంధన మన దేశంలో 2016లో వచ్చింది, 2017 నవంబరు నుంచి అమల్లో ఉంది. అంతకుముందు వేసిన పొరల్లో సీసం ఉందనే అనుకోండి. పొడిగా ఉప్పుకాగితం రుద్దొద్దు, మంట పెట్టి కాల్చొద్దు. తడిపి గీకండి, మంచి మాస్కు పెట్టుకోండి, రాలిన పొట్టును తడిగా ఉండగానే ఎత్తి మూట కట్టండి. చిన్నపిల్లలు, గర్భిణులు ఆ చాయలకు రాకుండా చూడండి. పనివాళ్లకు కూడా మాస్కు మీరే కొనివ్వండి.

ద్వారబంధం కొంటే టేపుతో మూల నుంచి ఎదురు మూలకు ఐమూలగా రెండు కొలతలూ తీయండి. రెండూ సమానంగా లేకపోతే చట్రం ఒరిగింది, అతుకులు విప్పి చెక్క చీలలు కొత్తవి కొట్టించాలి. పాత తలుపులు పొట్టివి, ఆరడుగులు కూడా ఉండని గుమ్మాలు చాలా ఉన్నాయి. వాటిని పూజగదికో, సామాన్ల గదికో పెట్టండి. లేదా బంధం కింద కొత్త గడప, పైన గాలికి చిన్న కిటికీ చేర్చి ఎత్తు పెంచండి. పాత ఇంటి గడప కొత్త ఇంటికి రాకూడదని పెద్దవాళ్లు పట్టుబడితే సింహద్వారానికి కొత్త కలప వాడి, లోపలి గదులకు ఇవి సర్దండి. గోడను తాకే వైపు తారు పూయడం ఎలాగూ తప్పదు.

అన్నిటికంటే ముఖ్యం, కలప చేతికి వచ్చాకే ప్లాను ఖరారు చేయండి. తక్కువ ఖర్చు ఇళ్లకు పేరుపడ్డ ఆర్కిటెక్ట్ లారీ బేకర్ తిరువనంతపురంలో తన సొంత ఇంటికి పాత ఇళ్ల తలుపులు, కిటికీలు వాడారు. ఏ కొలతలో తలుపు దొరికితే ఆ కొలతకు గోడలో ఖాళీ వదలడమే ఈ పద్ధతికి ప్రాణం. ప్లానులో 7 అడుగులు, 3 అడుగులు అని ముందే గీసేసి షాపుల వెంట తిరిగితే టెన్షన్ తప్ప ఏమీ దొరకదు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. పైకప్పు బరువు మోసే చోట పాత దూలం పెట్టాలంటే ఇంజినీరుకు చూపించి తీరాలి. ముఖ్యంగా కింది అంచులో, నడిమి భాగంలో గాడి ఉన్న దూలం మోతకు పనికిరాదు. దాన్ని బల్లలకో, కిటికీ చట్రాలకో కోయించుకోండి.

ఈసారి ఇంటిపని: మీ దగ్గర్లో పాత కలప అమ్మే చోటికి వెళ్లి మూడు దూలాలు కొలవండి. ఒక్కోదానికి రెండు లెక్కలు రాయండి, చూసినప్పటి సీఎఫ్‌టీ, పనికొచ్చే సీఎఫ్‌టీ. ఆ రోజు ఏమీ కొనకుండా తిరిగి రండి. వచ్చే పాఠంలో బంగళా పెంకులు, కడప బండలు విరగకుండా ఎలా దించాలో చూద్దాం.