ఇంటి వస్తువులతో జ్ఞాపకాల బొమ్మలు – 3వ పాఠం: గిన్నె మీద పేరు

పోయిన పాఠంలో ఇంట్లోంచి ఒక పాత వస్తువు ఎంచుకోమన్నాను. ఫొటో ఫ్రేమో, గడియారమో తీసుంటే ప్రస్తుతానికి పక్కన పెట్టండి. వంటింట్లోకి వెళ్ళి, పేరు కొట్టించిన స్టీలు గిన్నె ఒకటి తెచ్చుకోండి. పెళ్ళిలో చదివించిందైతే మరీ మంచిది, పేరు పక్కన తారీఖు కూడా ఉండొచ్చు.

చిన్నప్పుడు రూపాయి బిళ్ళ మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దేవాళ్ళం కదా, ఈరోజు పని అదే. పిల్లల ఆటేగా అనుకోకండి. 1925లో మాక్స్ ఎర్న్‌స్ట్ అనే చిత్రకారుడు చెక్కనేల మీద కాగితాలు పరిచి ఇలాగే రుద్దాడు. ఆ పద్ధతికి ఫ్రొటాజ్ అని పేరు. కొరియాలో పుట్టిన కళాకారుడు దో హో సుహ్ అయితే న్యూయార్క్‌లో తాను అద్దెకున్న ఇంటి లోపలంతా కాగితం అంటించి, గోడల్నీ స్విచ్చుల్నీ కూడా వదలకుండా రంగు పెన్సిళ్ళతో రుద్దాడు. మనకి గిన్నె చాలు.

పల్చటి తెల్ల కాగితం, 6బి పెన్సిల్ (మెత్తగా, బాగా నల్లగా పడే రకం), టేపు కావాలి. గిన్నె తడి లేకుండా తుడవండి. గిన్నె గుండ్రం కాబట్టి పెద్ద కాగితమైతే ముడతలు పడుతుంది. రెండంగుళాల పట్టీ కత్తిరించి, పేరు మీద బిగువుగా అంటించండి. పెన్సిల్‌ని మొనతో కాకుండా పడుకోబెట్టి, తేలిగ్గా, ఒకే వైపుకి రుద్దండి. పేరులోని చుక్కలు గుంటలు కదా, అవి తెల్లగా మిగిలి చుట్టూ నల్లబడుతుంది.

మా అమ్మమ్మ పాలగిన్నెతో మొదటిసారి చేసినప్పుడు గట్టిగా నొక్కి కాగితం చింపేశాను. రెండోసారి పేరు తేలింది. చివరి అక్షరానికి చోటు చాలక, కొట్టినతను దాన్ని కిందికి దించేశాడు. ఎన్నేళ్ళు ఆ గిన్నెలో పాలు కాచారో, నేనెప్పుడూ గమనించలేదు. పట్టీ కొంచెం పైకి జరిపితే అంచు దగ్గర ఒకేచోట బోలెడు గీతలు. పట్టకారు రోజూ పట్టిన చోటు అది. పేరు బజారులో ఎవరో కొట్టింది, ఆ గీతలు మాత్రం ఆవిడవే. నాకు పేరుకన్నా అవే నచ్చాయి.

ఈ వారం ఒకే గిన్నెకి మూడు పట్టీలు తీయండి: పేరు, అంచు, అడుగు. అడుగు సరిగా రాదు, మసిమసిగా వస్తుంది. రానివ్వండి, రబ్బరు పెట్టి దిద్దొద్దు. పెన్సిల్ పొడి చేతికి అంటుతుంది కాబట్టి పట్టీల మధ్య బటర్ పేపర్ పెట్టి దాచండి. ఏ పట్టీ ఎక్కడిదో వెనక రాసుకోండి, వచ్చే పాఠంలో మూడింటినీ ఒకే అట్ట మీద అమర్చేటప్పుడు కావాలి.