గ్రామ్ స్టెయిన్: తేడా తేల్చేది ఆల్కహాలే

బ్యాక్టీరియాను రంగుతో రెండు రకాలుగా విడదీసేందుకు హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ 1884లో ప్రకటించిన పద్ధతి ఇది: ఊదాగా మిగిలేవి గ్రామ్ పాజిటివ్, గులాబీగా తేలేవి గ్రామ్ నెగటివ్. నేర్చుకోవడం సులువే. తప్పులు మాత్రం రెండు చోట్ల జరుగుతాయి: స్మియర్ (స్లయిడ్ మీద పరిచిన పూత) మందంలో, ఆల్కహాల్ పోసే సెకన్లలో.

18–24 గంటలు పెంచిన బ్యాక్టీరియా కల్చర్ తీసుకోండి. స్లయిడ్ మీద చిన్న నీటిచుక్క వేసి, కాలనీని (బ్యాక్టీరియా గుంపును) తీగ లూప్‌తో అంటీ అంటనట్టు తాకించి, అందులో కలిపి పరచండి. ఆరాక దాని కింద అచ్చు అక్షరాలు చదవగలగాలి. మందంగా ఉంటే ఆల్కహాల్ లోపలిదాకా పోదు, నెగటివ్ కూడా ఊదాగానే మిగులుతుంది. పూర్తిగా ఆరాకే మంట మీదుగా రెండు మూడు సార్లు పోనివ్వండి. స్లయిడ్ అడుగును చేతి వెనక ఆనిస్తే ఓర్చుకునేంత వేడి చాలు. ఎక్కువైతే కణకవచాలు చిట్లి పాజిటివ్ కూడా గులాబీకి తిరుగుతుంది.

క్రిస్టల్ వయొలెట్ అనే ఊదారంగును ఒక నిమిషం ఉంచి కడగండి. తర్వాత గ్రామ్ అయోడిన్ (300 మి.లీ. నీటికి అయోడిన్ 1 గ్రా., పొటాషియం అయొడైడ్ 2 గ్రా.) ఇంకో నిమిషం. రెండూ కలిసి కణంలోపల నీటిలో కరగని పెద్ద సంక్లిష్టంగా మారతాయి. ఇక్కడివరకు అన్ని కణాలూ ఊదానే. అయోడిన్ రంగు వెలిసిపోయి ఉంటే ఆ సీసా పారబోయండి.

ఇప్పుడు స్లయిడ్‌ను వాల్చి 95% ఇథనాల్ చుక్కలుగా వదలండి. జారే ద్రవంలో ఊదారంగు ఆగీ ఆగగానే నీళ్లు పోసేయాలి. మామూలుగా 10–15 సెకన్లు పడుతుంది. అసిటోన్ కలిసిందైతే రెండు మూడు సెకన్లే, గడియారం కన్నా కన్ను నయం.

స్టెఫైలోకాకస్ ఆరియస్‌లో (ఇది గ్రామ్ పాజిటివ్) కణకవచపు పదార్థమైన పెప్టిడోగ్లైకాన్ పొరలు పొరలుగా ఉంటుంది. గ్రామ్ పాజిటివ్‌లలో దాని మందం సుమారు 20–80 నానోమీటర్లు. ఎన్-అసిటైల్ గ్లూకోసమైన్, ఎన్-అసిటైల్ మ్యూరామిక్ ఆమ్లం అనే చక్కెర అణువులు ఒకటి విడిచి ఒకటి బీటా-1,4 బంధంతో గొలుసు కడతాయి. మ్యూరామిక్ ఆమ్లాలకు వేలాడే చిన్న పెప్టైడ్లను ఐదు గ్లైసిన్ల వంతెనలు పక్క గొలుసుకు కుట్టేస్తాయి. ఆల్కహాల్ నీటిని లాగేసేసరికి ఈ అల్లిక బిగుసుకుని సంక్లిష్టాన్ని బయటికి పోనివ్వదు. గ్రామ్ నెగటివ్ అయిన ఈ. కోలైలో ఈ పొర కొద్ది నానోమీటర్లే. పైనున్న లైపోపాలీశాకరైడ్ల బాహ్య పొరను ఆల్కహాల్ చెదరగొడుతుంది, రంగు కారిపోతుంది. చివర్లో సఫ్రానిన్ అనే గులాబీ రంగు 30–60 సెకన్లు పెడితే అది గులాబీగా కనిపిస్తుంది.

ప్రతి బ్యాచ్‌తోనూ ఈ రెండింటినీ కంట్రోల్‌గా పెట్టండి. ఈ. కోలై ఊదాగా ఉంటే ఆల్కహాల్ చాలలేదు, స్టెఫైలోకాకస్ గులాబీ అయితే మించింది. రెండూ సరిగ్గా ఉండి గ్రామ్ పాజిటివ్ అయిన బాసిల్లస్ ఒక్కటే గులాబీ అయితే కల్చర్ ముదిరిందని అర్థం. మైకోబ్యాక్టీరియాకు (క్షయ క్రిమి ఈ జాతిదే) ఈ పరీక్ష పనికిరాదు. మైకోలిక్ ఆమ్లాల మైనపు పొర రంగును సరిగా పట్టనివ్వదు, దానికి జీల్-నీల్సన్ అనే వేరే రంగు పద్ధతి వాడాలి.

అప్పటికీ అనుమానం తీరకపోతే 3% పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్కలో తాజా కాలనీని కలిపి లూప్ పైకెత్తండి. నిమిషంలోపు తీగపాకంలా సాగితే కవచం తెగి డీఎన్ఏ బయటపడినట్టు, అంటే గ్రామ్ నెగటివ్.