రెండు నిమిషాల రేసు, అయిదు గంటలు పట్టే సాయంత్రం: హార్నెస్ ట్రాక్‌కి జనాన్ని తిరిగి రప్పించే పద్ధతి

హార్నెస్ రేసులో మైలు దూరం రెండు నిమిషాల్లో అయిపోతుంది. మంచి పేసర్ గుర్రాలయితే 1 నిమిషం 50 సెకన్లే. రేసుకీ రేసుకీ మధ్య మాత్రం ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు. 14 రేసులు పెట్టి మధ్యలో 24 నిమిషాల చొప్పున వదిలితే మొదటి రేసు నుంచి చివరిదాకా 5 గంటల 12 నిమిషాలు పడుతుంది. అందులో గుర్రాలు పరుగెత్తేది అరగంట కూడా ఉండదు. జనం ఎందుకు రావడం లేదని తల పట్టుకునేముందు ట్రాక్ నడిపేవాళ్లు చూడాల్సిన లెక్క ఇదే. టికెట్ ధర కాదు. అమెరికా, కెనడాల్లో చాలా ట్రాక్‌లకి ప్రవేశం ఎప్పటినుంచో ఉచితం. ఉచితంగా రమ్మన్నా రాని మనిషికి ఇంకేం తగ్గిస్తారు?

ఈ ఆట తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. స్టాండర్డ్‌బ్రెడ్ జాతి గుర్రం వెనక సల్కీ అనే తేలికపాటి రెండు చక్రాల బండి కడతారు, డ్రైవర్ అందులో కూర్చుంటాడు. ఎదురెదురు మూలల కాళ్లు జంటగా వేసేది ట్రాటర్, ఒకే పక్క కాళ్లు జంటగా వేసేది పేసర్. దౌడు తీస్తే తప్పు. దౌడులోకి జారిన గుర్రాన్ని డ్రైవర్ వెనక్కి లాగి మళ్లీ దాని నడక తీరులోకి తేవాలి, ఈలోగా మిగతావి ముందుకెళ్లిపోతాయి. కొత్తవాళ్లకి ఈ ఆటలో మొదట చెప్పాల్సింది కూడా ఇదే. ఎక్కువ వేగం కోసం ఆ తీరు తప్పిన గుర్రం వెనకబడుతుందని తెలిశాక ఎవరైనా కాళ్లవైపే చూస్తారు.

జనం ఎలా దూరమయ్యారో తెలిస్తే మందు ఎక్కడ వేయాలో తెలుస్తుంది. 1940లో న్యూయార్క్ దగ్గర రూజ్‌వెల్ట్ రేస్‌వే దీపాల వెలుగులో రాత్రి రేసులు మొదలుపెట్టింది. 1946లో కారుకి రెక్కల్లాంటి గేటు బిగించి గుర్రాలన్నిటినీ ఒకే వరసలో బయలుదేరేలా చేశారు. 1960లో అక్కడి ఇంటర్నేషనల్ ట్రాట్ అనే పెద్ద రేసుకి 50 వేలమందికి పైగా వచ్చారు. 1971లో న్యూయార్క్ నగరంలో ట్రాక్ బయటే పందెం కాసే దుకాణాలు వచ్చాయి, ఆ తర్వాత టీవీలో వేరే ఊరి రేసు చూసి పందెం కాసే సైమల్‌కాస్ట్ వచ్చింది, ఆపైన ట్రాక్‌ల్లోనే స్లాట్ మెషీన్లనే జూదపు యంత్రాలు వచ్చాయి. రూజ్‌వెల్ట్ 1988లో మూతపడింది. స్లాట్ల డబ్బుతో చాలాచోట్ల బహుమతి సొమ్ము పెరిగింది కానీ, ఆ సొమ్ముకీ కంచె దగ్గర నిలబడ్డ మనిషికీ సంబంధం తెగిపోయింది. కెనడాలోని అంటారియోలో స్లాట్ల ఆదాయంలో ట్రాక్‌లకి వాటా ఇచ్చేందుకు 1998లో మొదలైన పథకాన్ని ప్రభుత్వం 2013లో ఆపేసినప్పుడు ట్రాక్‌లకి ఊపిరాడలేదు. గ్యాలరీలు ఖాళీగా ఉన్న ఆట తరఫున మాట్లాడటానికి ఏ రాజకీయ నాయకుడూ ఉత్సాహపడడు.

ముందు తలలు లెక్కపెట్టండి

ప్రవేశం ఉచితమైతే గేటు దగ్గర లెక్క ఉండదు. ఇద్దరికి చేతి కౌంటర్లిచ్చి 2వ, 5వ, 8వ రేసులు మొదలయ్యే వేళకి లెక్క తీయించండి. ఏప్రన్ మీద, అంటే కంచె పక్కన ఆరుబయట నిలబడే చోట, ఎంతమంది, అద్దాల వెనక ఎంతమంది, తినేచోట ఎంతమంది అని మూడు అంకెలు విడిగా రాయాలి. సైమల్‌కాస్ట్ గదిలో వేరే ట్రాక్ చూస్తున్నవాళ్లనీ స్లాట్ల దగ్గరున్నవాళ్లనీ కలపకూడదు, కలిపితే మిమ్మల్ని మీరే మోసం చేసుకున్నట్టు. ఏదీ మార్చకుండా నాలుగు సాయంత్రాలు ఇలా తీయండి. 2వ రేసుకి ఉన్నవాళ్లలో సగంమంది 5వ రేసుకల్లా వెళ్లిపోతుంటే లోపం లోపలే ఉంది, ఎంత ప్రచారం చేసినా దండగ. 2వ రేసుకే జనం లేకపోతే అప్పుడు ప్రచారం సంగతి చూడాలి.

గడియారం

ఎక్కువమంది విసుక్కునేది ఇక్కడే. పందెం లెక్కలూ మిగిలిన సమయమూ చూపే టోట్ బోర్డు మీద ‘0 నిమిషాలు’ అని పడుతుంది, గుర్రాలు మాత్రం మరో నాలుగైదు నిమిషాలు తిరుగుతూనే ఉంటాయి. కారణం లేకపోలేదు. పందెం డబ్బు చాలావరకు చివరి నిమిషాల్లోనే పడుతుంది, అదీ బయటినుంచే. పక్క ట్రాక్ రేసు నడుస్తుంటే అది అయ్యేదాకా ఆగితే ఆ డబ్బు కూడా ఇటు వస్తుంది. తెర ముందున్నవాడికి ఇది పట్టదు. చలిలో పిల్లాణ్ణి ఎత్తుకుని నిలబడ్డవాడు మాత్రం మళ్లీ రాడు.

దీనికి రెండు పనులు చేయాలి. ఒకటి, అదే వేళకి రేసులున్న ట్రాక్‌లతో ముందే మాట్లాడుకుని బయలుదేరే సమయాలు నాలుగైదు నిమిషాల తేడాతో ఖరారు చేసుకోవడం. రెండు, ట్రాక్ లోపలి బోర్డు మీద నిజంగా బయలుదేరే సమయమే వేయడం. వారానికి ఒక్క సాయంత్రమైనా 10 రేసులు, 18 నిమిషాల విరామం అని పెట్టుకోండి. 6:30కి మొదటిది బయలుదేరితే 9:12కి చివరిది బయలుదేరుతుంది. కుటుంబాలు ఇంటికెళ్లి నిద్రపోయే వేళ అది. రేసులు తగ్గితే ఒక్కో రేసుకి గుర్రాలు పెరుగుతాయి. అయిదు గుర్రాల రేసు కన్నా ఎనిమిది గుర్రాల రేసు మీద పందెం ఎక్కువ పడుతుంది కాబట్టి ఆదాయం భయపడినంతగా తగ్గదు. గుర్రాల యజమానులు మాత్రం అడ్డం తిరుగుతారు, వాళ్లకి పరుగెత్తే అవకాశాలు తగ్గుతాయి కదా. అందుకే దీన్ని వారమంతటికీ రుద్దవద్దు.

ఆ 18 నిమిషాలు

అనౌన్సర్ గొంతు సైమల్‌కాస్ట్‌కి వెళ్తుంది, అతను అక్కడివాళ్ల కోసం మాట్లాడతాడు. ట్రాక్ మీదున్నవాళ్లతో మాట్లాడటానికి వేరే మనిషి, వేరే మైకు, ఏప్రన్ స్పీకర్లకి మాత్రమే వెళ్లే వేరే లైను ఉండాలి. స్పీకర్లు చాలాచోట్ల గ్రాండ్‌స్టాండ్ వైపే తిరిగి ఉంటాయి. గాలి వీచే రోజున కంచె వెంబడి ఈ చివర నుంచి ఆ చివరకి నడిచి, మాట తెలియని చోటల్లా సుద్దతో గుర్తు పెట్టండి. స్పీకర్లు తిప్పాల్సింది అటువైపు.

రేసు ముగిసిన మొదటి రెండు నిమిషాల్లో ఏం జరిగిందో ఒక్క వాక్యంలో చెప్పాలి, ఏ గుర్రం బయటి వరసలో చిక్కుకుంది, ఏది దౌడులోకి జారింది అని. గెలిచినవాళ్లు ఫోటోకి వచ్చేసరికి డ్రైవర్ చేతికి మైకు ఇవ్వండి. ముప్పై సెకన్లు చాలు, బండి దిగకపోయినా ఫరవాలేదు. అయిదో నిమిషం నుంచి ఆఖరి పావు మైలు మాత్రం మళ్లీ వేసి చూపించండి. ఎనిమిదో నిమిషానికి తర్వాతి గుర్రాలు కవాతుకి వస్తాయి. ఎనిమిదింటినీ పరిచయం చేయబోతే ఎవరికీ ఒక్కటీ గుర్తుండదు. మూడు చాలు: జనం గెలుస్తుందనుకునేది ఒకటి, ఎవరూ నమ్మనిది ఒకటి, ఏదైనా కథ ఉన్నది ఒకటి. చివరి నాలుగు నిమిషాలు పందెం కిటికీలకి, గేటు కారుకి వదిలేయండి.

రేసులో తప్పు జరిగిందేమోనని జడ్జీలు పరిశీలిస్తున్నట్టు చెప్పే ఎంక్వైరీ దీపం వెలిగినప్పుడు మౌనంగా ఉండొద్దు. అయిదు నిమిషాలు ఏం జరుగుతోందో తెలియక జనం ఊరకే నిలబడతారు, తీర్పు వచ్చాక మోసపోయామనుకుంటారు. జడ్జీలు ఏ మలుపు దగ్గర, ఏ రెండు గుర్రాల మధ్య చూస్తున్నారో చెప్పి ఆ ముక్క తెర మీద వేస్తే ఆ నిరీక్షణే రేసంత రక్తి కడుతుంది.

కంచె దగ్గరికి రానివ్వండి

అద్దాలు బిగించిన గ్రాండ్‌స్టాండ్‌లో కూర్చుంటే గిట్టల చప్పుడు వినపడదు, డ్రైవర్ల కేకలు వినపడవు. అప్పుడు ఇంట్లో టీవీలో చూడటానికీ దీనికీ తేడా ఏముంది? బల్లలు, తిండి బండ్లు, గాలి చల్లగా ఉంటే హీటర్లు, అన్నీ బయటికి తీసుకురండి. అర మైలు ట్రాక్ అయితే రేసుకి రెండు చుట్లు కాబట్టి గుర్రాలు జనం ముందు నుంచి బయలుదేరి, ఒకసారి దాటి, మళ్లీ వచ్చి ముగిస్తాయి. ఇంత మంచి అవకాశం మైలు ట్రాక్‌కి లేదు.

బెలూన్లు, తెరిచి మూసే గొడుగులు, రెపరెపలాడే జెండాలు, డ్రోన్లు కంచె దగ్గర వద్దు. బెదిరిన గుర్రం నడక తప్పితే వెనక వచ్చే బండ్లు దాని మీద పడతాయి. పిల్లలకి రెండో కంచె కట్టి కాస్త వెనకే నిలబెట్టండి, గిట్టల నుంచి మట్టి, రాళ్లు ఎగిరిపడతాయి.

రేసుకి వెళ్లే గుర్రాలున్న పాడక్‌లోకి లైసెన్సు లేనివాళ్లని పంపడం కుదరదు, పంపాలని చూడొద్దు కూడా. దానికి బదులు రేసుల నుంచి విరమించిన సాధు గుర్రాన్ని పూర్తి సామానుతో బయట నిలబెట్టండి. పక్కన ఒక సల్కీ పెట్టండి, ఒక మనిషి ఎత్తి చూడవచ్చు. పేసర్ కాళ్లకి తగిలించే హాపుల్స్ చేతికిచ్చి ఇవి ఎందుకో చూపించండి. ఒక పక్క ముందు కాలినీ వెనక కాలినీ కలిపే ఈ పట్టీలు ఆ నడక తప్పకుండా చూస్తాయి. పట్టీ పట్టుకుని చూసిన పిల్లవాడు తర్వాతి రేసులో దాన్నే వెతుకుతాడు. గేటు కారులో ఇద్దరికి సీటివ్వడం చాలా ట్రాక్‌లు చేసే పనే. ఖర్చు దాదాపు లేదు, దిగినవాళ్లు పదిమందికి చెబుతారు. బీమా కాగితం ముందే సంతకం చేయించుకోండి, కారు దగ్గర కాదు.

కొత్తవాళ్ల బల్ల

రేసు ప్రోగ్రామ్‌లో ఒక్కో గుర్రానికి ఒక వరస అంకెలు, వాటి పైన చిన్న అంకెలు, చుక్కలు ఉంటాయి. పాతవాళ్లకి అది వేదం, కొత్తవాళ్లకి కన్ను కూడా ఆనదు. ప్రవేశం దగ్గరే ఒక కాగితం ఇవ్వండి: నంబరు, జీను గుడ్డ రంగు (1 ఎరుపు, 2 నీలం, 3 తెలుపు, అలా), డ్రైవర్ చొక్కా రంగులు, గుర్రం గత మూడు రేసుల ఫలితం, ఒక్క వాక్యం. పెద్ద అక్షరాల్లో. అర మైలు ట్రాక్ అయితే లోపలి స్థానాలకి అనుకూలం ఎక్కువని కింద ఒక మాట రాయండి, ఆ ఒక్కటీ తెలిస్తే కొత్తవాడు కూడా తెలివిగా ఊహించగలడు.

పందెం నేర్పేటప్పుడు 2 డాలర్ల ‘షో’తో మొదలుపెట్టండి. గుర్రం మొదటి మూడింట్లో వస్తే చాలు, డబ్బు వస్తుంది. మొదటి మూడింటినీ వరసగా చెప్పాల్సిన ట్రైఫెక్టా, మొదటి నాలుగింటినీ చెప్పాల్సిన సూపర్‌ఫెక్టా మొదటిరోజే నేర్పితే రెండు గంటల్లో జేబు ఖాళీ. వాటిలో ట్రాక్ పట్టుకునే కోత కూడా ఎక్కువ. బల్ల దగ్గర ‘ఏడో నంబరు కొట్టేస్తుంది’ అని చెప్పే పందెగాణ్ణి కూర్చోబెట్టొద్దు. ఉచిత పందెం కూపన్లు ఇవ్వాలనుకుంటే మీ రాష్ట్ర రేసింగ్ కమిషన్‌ని ముందే అడగండి.

మనుషులు, ముసలి గుర్రాలు

ఉత్తర అమెరికా హార్నెస్‌లో డ్రైవర్‌కి సొంత రంగులుంటాయి, ఎవరి గుర్రం తోలినా అవే. గుర్రం మీద కూర్చుని పరుగెత్తించే థరోబ్రెడ్ రేసుల్లో జాకీ చొక్కా యజమానిని బట్టి మారిపోతుంది. ఇంత తేలికగా అభిమాని చేతికి దొరికే గుర్తుని ట్రాక్‌లు వాడుకోవు. డ్రైవర్ రంగుల టోపీలు అమ్మండి. గుర్రాలు కూడా వారం వారం వస్తాయి, కొన్ని ఏళ్ల తరబడి పరుగెత్తుతాయి. ఫాయిల్డ్ అగైన్ అనే పేసర్ 14 ఏళ్ల వయసు దాకా, 2018 చివరి వరకు పరుగెత్తి 76 లక్షల డాలర్లకు పైగా సంపాదించింది. ఆఖరి ఏడాది దాన్ని ట్రాక్‌ల వెంట తిప్పితే జనం దాన్ని చూడటానికే వచ్చారు. మీ ట్రాక్‌లోనూ అలాంటి ముసలిది ఒకటి ఉంటుంది. అది పరుగెత్తే రోజు ముందుగా చెప్పండి.

ఒక్క పెద్ద రోజు

ఒహాయోలో డెలావేర్ కౌంటీ ఫెయిర్‌లో లిటిల్ బ్రౌన్ జగ్ అనే పేసర్ల రేసు 1946 నుంచి జరుగుతోంది. జనం ముందే వచ్చి కంచెకి కుర్చీలు గొలుసులతో కట్టుకుంటారు. కెనడాలోని చార్లెట్‌టౌన్‌లో ఆగస్టు పండగ వారంలో గోల్డ్ కప్ అండ్ సాసర్, స్టాక్‌హోమ్ సోల్వాలాలో మే నెలాఖరున ఎలిట్‌లోపెట్, న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో నవంబరు కప్ డే. వీటన్నిటికీ ఊరి పండగో, మారని తేదీయో అండ. మన తిరునాళ్లలో ఒంగోలు గిత్తల బండలాగుడు పోటీలకి జనం ఎగబడేదీ ఇందుకే. జగ్‌లో, ఎలిట్‌లోపెట్‌లో ఒకేరోజు హీట్లు (ఫైనల్‌కి ముందు జరిగే రేసులు), ఫైనల్ ఉంటాయి కాబట్టి మధ్యాహ్నం చూసిన గుర్రం సాయంత్రం మళ్లీ కనిపిస్తుంది. మీ పెద్ద రేసుకి తేదీ ఖాయం చేసి పదేళ్లు కదపకండి.

ఒంటెల రేసులు, నిప్పుకోళ్ల రేసులు జనాన్ని తెస్తాయి, కాదనలేం. వాటిని చివర పెడితే అవి చూసి వెళ్లిపోతారు. 3వ రేసు తర్వాత పెట్టి, అవగానే కొత్తవాళ్ల బల్ల దగ్గరికి రమ్మనండి.

ఆగస్టు మొదటి శనివారం న్యూజెర్సీలోని మెడోలాండ్స్ ట్రాక్‌లో హాంబుల్టోనియన్ అనే పెద్ద ట్రాటర్ల రేసు జరుగుతుంది. ఎడిసన్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలకి అది పెద్ద దూరమేం కాదు. సంఘాల్ని పిలిచేటప్పుడు పందెం గురించి కాక గుర్రం, పిల్లల సవారీ, శాకాహారం దొరికే కౌంటర్ గురించి చెప్పాలి. యాభైమంది గుంపుకి గెలుపు ఫోటోలో నిలబడే అవకాశం ఒకటి రాసిపెట్టండి. వచ్చినవాళ్ల ఫోన్ నంబర్లు అడిగి తీసుకుని, మూడు వారాల్లోగా ఒక్క సందేశం మాత్రం పంపండి. అందులో వాళ్లు చూసిన గుర్రం మళ్లీ ఎప్పుడు పరుగెత్తుతుందో తేదీ, రేసు నంబరు, నిజంగా బయలుదేరే సమయం ఉండాలి.