గాలివానల కాలానికి ముందు గన్నేరు కత్తిరింపు: పాటించవలసిన జాగ్రత్తలు

సముద్రపు గాలి నేరుగా తగిలే పెరట్లో ఏ మొక్క నాటినా ఆకు అంచులు మాడిపోతున్నాయని విసిగిపోయినవారు చివరకు గన్నేరు దగ్గరికే వస్తారు. ఉప్పు తుంపరలను, ఇసుక నేలను, తీవ్రమైన ఎండను, వారాల తరబడి నీటి కొరతను ఓర్చుకుంటూ గుత్తులుగా పూసే పొదలు అంత ఎక్కువగా లేవు. ముదురు ఆకును తిరగేసి భూతద్దంతో చూస్తే ఆ ఓర్పుకు ఒక కారణం కనిపిస్తుంది. ఆకు అడుగున సన్నని గుంటలు, వాటి నిండా నూగు ఉంటాయి. ఆకు గాలి పీల్చే, తేమ వదిలే పత్రరంధ్రాలు ఆ గుంటల లోపల ఉండడం వల్ల వేడిగాలి వీచినా ఆకులోని తేమ తొందరగా ఆరిపోదు. టెక్సాస్ తీరంలోని గాల్వెస్టన్ దీవిలో 1900 నాటి తుపాను వేలమందిని బలిగొన్న తరువాత, సముద్రం నుంచి తోడిన ఇసుక పోసి పట్టణం నేలమట్టాన్ని ఎత్తు చేశారు. ఆ ఉప్పు ఇసుకలో మళ్ళీ పచ్చదనం తెచ్చేందుకు విరివిగా నాటిన మొక్కల్లో గన్నేరు ఒకటి.

ఇంతటి మొండి మొక్కకు మళ్ళీ జాగ్రత్తలెందుకన్న ప్రశ్న సహజమే. నా ఉద్దేశంలో ఈ జాగ్రత్తలు మొక్క కోసం తక్కువ, దాని చుట్టూ మసలే మనుషుల కోసం, పశువుల కోసం ఎక్కువ. గన్నేరు వేరు నుంచి పువ్వు దాకా ప్రతి భాగంలోనూ గుండె లయను దెబ్బతీసే విషపదార్థాలు ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనది ఒలియాండ్రిన్. పొద నిలబడి ఉన్నంతకాలం దాని చేదే దానికి కాపలా, పశువులు సాధారణంగా ముట్టవు. చిక్కంతా కత్తిరింపు మొదలుపెట్టిన రోజున, కోసిన కొమ్మలు నేల మీద కుప్పపడినప్పుడు వస్తుంది.

గాలులు ముదిరే కాలానికి నెల, నెలన్నర ముందే కత్తిరింపు పూర్తిచేయాలి. కోత తరువాత వచ్చే చివుళ్ళు లేతగా, రసంతో నిండి ఉంటాయి కాబట్టి అవి కాస్త ముదరకముందే ఉప్పుగాలి కొడితే నల్లబడి వాడిపోతాయి. పువ్వులు కొత్త కొమ్మల చివరనే పూస్తాయి గనుక, ఒక విడత పూత అయిపోగానే కత్తెర పట్టడం రెండు విధాలా మేలు. ఏళ్ళ తరబడి పట్టించుకోని పొదను మోకాలి ఎత్తుకు నరికినా అది తిరిగి పెరుగుతుంది గాని, అలాంటి నరుకుడు తుపానుల ముందు తగదు. ఈ సమయంలో మూడో వంతుకు మించి తీయకపోవడమే మంచిది.

పొద పైభాగాన్ని గోడలా సమంగా కత్తిరించడం చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది కాని, దట్టమైన ఆ తల గాలికి అడ్డం నిలిచి మొదలు మీద భారం వేస్తుంది. అందుకు బదులు లోపల ఒకదానికొకటి రాసుకుంటున్న కొమ్మలను, ఎండిన వాటిని, బలహీనంగా వాలిన వాటిని అడుగు దాకా తీసేసి గాలి పొద గుండా పోయేలా చేయాలి. గన్నేరు ఆకులు ఎక్కువగా మూడేసి చొప్పున ఒకే కణుపు వద్ద పుడతాయి. ఆ కణుపుకు సరిగ్గా పైన కోస్తే సాధారణంగా రెండు మూడు కొమ్మలు చీలి వస్తాయి, అందువల్ల గుబురుగా కావలసిన చోట మాత్రమే అలా కోయాలి. పొద మొదలు దగ్గర లేచే పిలకలను కత్తిరిస్తే మళ్ళీ మొలుస్తాయి, లేతగా ఉన్నప్పుడే చేత్తో కిందికి లాగి వేరుచేస్తే ఆ బెడద తగ్గుతుంది.

వాన పడుతున్న రోజున, ఆకులు తడిగా ఉన్నప్పుడు ఈ పని పెట్టుకోకూడదు. కొమ్మల మీద గరుకైన బుడిపెలు లేపే బాక్టీరియా తెగులు ఒకటి గన్నేరుకు ఉంది, అది తడిలో కోతల గాయాల ద్వారా సులువుగా పాకుతుంది. బుడిపెలు కనిపించిన కొమ్మను వాటికి చాలా దిగువన కోసి, ప్రతి కోత తరువాత కత్తెరను స్పిరిట్‌తో తుడవాలి.

పనిలోకి దిగేముందు పొడుగు చేతుల చొక్కా, రసం ఇంకని చేతి తొడుగులు, కళ్ళద్దాలు తప్పనిసరి. కోసిన చోట ఊరే జిగురు రసం కొందరికి చర్మం మీద దద్దుర్లు తెస్తుంది. అది కంట్లో పడితే పావుగంట సేపు ధారగా నీళ్ళు పోసి కడిగి డాక్టరుకు చూపించాలి. చేతి మీద మానని గాయం ఉన్నవారు ఆ రోజుకు ఈ పనికి దూరంగా ఉండాలి. మధ్యలో తొడుగులు తీయకుండా నీళ్ళు తాగడం, ముఖం తుడుచుకోవడం చాలామంది చేసే పొరపాటు. పని ముగిశాక చేతులు, కత్తెర సబ్బుతో కడిగి, వేసుకున్న బట్టలను విడిగా ఉతకాలి.

ఇక కోసిన కొమ్మల విషయం. అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది ఇక్కడే. వాడిన, ఎండిన ఆకులోనూ విషం పోదు. పచ్చి ఆకును వాసన చూసి వదిలేసే ఆవు, మేక ఎండుగడ్డిలో కలిసిన ఆకును మాత్రం గమనించకుండా తినేస్తాయి. కాబట్టి గడ్డి కోసిన చెత్తను, గన్నేరు చెత్తను ఒకే కుప్పలో వేయకూడదు. రోడ్డు పక్కన, ఖాళీ స్థలంలో, చెరువు గట్టున పారేయడం అంతకంటే ప్రమాదం, ఎందుకంటే అక్కడ మేసే పశువు ఎవరిదో మనకు తెలియదు. కొమ్మలను మంటలో వేయరాదు, ఆ పొగ పీల్చినా హాని జరుగుతుంది. నిటారుగా ఉన్నాయని ఆ పుల్లలను వంటచెరకుగా గాని, కూరముక్కలు గుచ్చి కాల్చడానికి గాని వాడకూడదు. కూరగాయల మడికి వేసే కంపోస్టులో కలపకుండా ఉండడమే క్షేమం. మందపాటి సంచుల్లో కుక్కి, మూతి కట్టి, లోపల ఏముందో పైన రాసి చెత్త తీసుకెళ్ళేవారికి చెప్పి అప్పగించాలి, లేదా పశువులు తవ్వలేనంత లోతున పూడ్చాలి. కోత జరిగిన చోట నేలను ఊడ్చి, రాలిన ఆకులు నీటి తొట్టిలో, బావిలో పడలేదని చూసుకోవాలి. కొమ్మలు వేరు పట్టడానికి సీసాలో నిలిపే అలవాటు ఉన్నవారు ఆ నీటిని కూడా విషంగానే భావించి పిల్లలకు అందని చోట ఉంచాలి. పచ్చ గన్నేరు వేరే మొక్కే అయినా ఈ విషయంలో దానికీ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. దాని కాయల్లోని గింజలు మరీ ప్రమాదకరం, గాలికి రాలిన కాయలను వెంటనే ఏరివేయాలి.

ఎవరైనా తిన్నారని అనుమానం వస్తే వాంతులు, కడుపునొప్పి, తలతిరుగుడు, నాడి మందగించడం వంటి లక్షణాల కోసం ఎదురుచూడకూడదు. బలవంతంగా వాంతి చేయించకుండా, పసర్లు పోయకుండా, తిన్న కొమ్మ ముక్కను వెంట తీసుకుని తక్షణం ఆసుపత్రికి చేర్చాలి. అక్కడ ఈసీజీ తీసి గుండెను గమనిస్తారు. గుండె జబ్బుకు వాడే డిగాక్సిన్ మందు మోతాదు మించినప్పుడు ఇచ్చే విరుగుడునే అవసరాన్ని బట్టి దీనికీ వాడతారు.

చివుళ్ళను అంటిపెట్టుకుని నల్లటి కాళ్ళతో పసుపు రంగులో కనిపించేది పేనుబంక. గట్టిగా నీళ్ళు చిమ్మితే చాలావరకు రాలిపోతుంది, దానికోసం పురుగుమందు దాకా వెళ్ళనక్కర్లేదు. తలకు దగ్గరగా రెండు నీలి కళ్ళవంటి మచ్చలున్న పెద్ద ఆకుపచ్చ గొంగళిపురుగును తొడుగు వేసుకున్న చేత్తో ఏరేస్తే సరిపోతుంది.

గాలివానల ముందు నత్రజని ఎరువు వేయవద్దు, అది మెత్తని కొమ్మలను పెంచుతుంది. నాటి ఏడాది నిండని మొక్కకు వేరు ఇంకా పట్టు దొరకబుచ్చుకోదు గనుక రెండు గుంజలు పాతి, వెడల్పాటి గుడ్డపట్టీతో కొంచెం వదులుగా కట్టాలి. తీగతో కడితే గాలికి ఊగినప్పుడు బెరడు తెగుతుంది. కుండీలోని మొక్కలను గోడ చాటుకు చేర్చి, అడుగు పళ్ళేలు తీసేయాలి. గన్నేరు కొద్దిసేపు నిలిచిన నీటిని ఓర్చుకుంటుంది గాని, రోజుల తరబడి నీరు నిలిస్తే వేళ్ళు కుళ్ళిపోతాయి, కాబట్టి పాదు చుట్టూ నీరు పోయే దారి ముందే తీసి ఉంచాలి.

తుపాను వెళ్ళిన మర్నాడు ఆకుల మీద మంచినీళ్ళు చిమ్మి ఉప్పును కడగాలి. సముద్రపు నీరు పాదులోకి వచ్చి ఉంటే, అది ఇంకిపోయాక మంచినీటిని నెమ్మదిగా, లోతుగా, కొన్ని విడతలుగా పెట్టి ఉప్పును వేళ్ళ కిందికి దించాలి. ఆకులన్నీ గోధుమ రంగుకు మాడినా వెంటనే కత్తెర పట్టకూడదు. కొమ్మ బెరడును గోటితో కాస్త గీసి చూస్తే లోపల పచ్చగా ఉన్నంత మేర అది బతికే ఉన్నట్టు. కొత్త చివుళ్ళు ఎక్కడి నుంచి వస్తాయో తేలాక, వాటికి పైనున్న ఎండు భాగాన్ని, పైన చెప్పిన తొడుగులతోనే, కోయాలి.