కాలనీలు తగ్గడం ఆంటీసెన్స్ ఫలితమేనా: తేల్చుకునే పద్ధతి

ఎముక మజ్జ కణాలను మిథైల్‌సెల్యులోజ్ అనే చిక్కటి మాధ్యమంలో పెంచుతూ ఆంటీసెన్స్ డీఎన్‌ఏ ముక్కను (లక్ష్య జన్యువు ఆర్‌ఎన్‌ఏకు అతుక్కుని దాన్ని అణచేలా రాసిన చిన్న ముక్కను) కలిపినప్పుడు, రెండు వారాల తరువాత కాలనీల సంఖ్య సగానికి పడిపోతే, లక్ష్య జన్యువు అణగిపోయిందని వెంటనే నిర్ధారించకూడదు. దీర్ఘకాలిక మైలాయిడ్ లుకేమియాకు మూలమైన బీసీఆర్-ఏబీఎల్ జన్యువుపై 1990ల్లో జరిగిన ప్రయోగాలలో, ఆ జన్యువే లేని మామూలు రక్తకణాల పెరుగుదల కూడా కుంటుపడినట్లు తేలింది.

మొదట చేయవలసినది ఒక చిన్న లెక్క. మార్పులేమీ చేయని డీఎన్‌ఏ ముక్కను సీరంలోని ఎక్సోన్యూక్లియేజ్ ఎంజైమ్‌లు 3' కొస నుంచి ఒక్కొక్క న్యూక్లియోటైడ్ చొప్పున తెంచుతాయి. ఆపై ఫాస్ఫేట్ ఊడిపోగా మిగిలిన డీఆక్సీన్యూక్లియోసైడ్‌లు (బేస్, చక్కెర మాత్రమే ఉన్న భాగాలు) కణాలలోకి ప్రవేశిస్తాయి. 18 బేస్‌ల ముక్కను 10 మైక్రోమోలార్ గాఢతలో వేస్తే, అది పూర్తిగా విడిపోయినప్పుడు మీడియంలో 180 మైక్రోమోలార్ విడి న్యూక్లియోటైడ్‌లు చేరతాయి. అందులో ఆరు థైమిన్‌లుంటే, థైమిన్ ఉన్న న్యూక్లియోసైడ్ అయిన థైమిడిన్ ఒక్కటే 60 మైక్రోమోలార్. థైమిడిన్ మితిమీరితే కణంలో డీటీటీపీ (థైమిడిన్ నుంచి తయారయ్యే డీఎన్‌ఏ ముడిసరుకు) పెరిగి, ఆ ముడిసరుకులను తయారుచేసే రైబోన్యూక్లియోటైడ్ రిడక్టేజ్ ఎంజైమ్ పనిని అడ్డుకుని, మరో ముడిసరుకైన డీసీటీపీకి కొరత తెస్తుంది, దానితో డీఎన్‌ఏ తయారీ ఆగిపోతుంది. డీఆక్సీఅడినోసిన్ కూడా అంతే ప్రమాదకరం. దాన్ని విచ్ఛిన్నం చేసే ఏడీఏ (అడినోసిన్ డీఅమినేజ్) ఎంజైమ్ లోపంతో పుట్టిన శిశువులలో లింఫోసైట్‌లు నశించడానికి ప్రధాన కారణం అదే.

కాబట్టి సెన్స్ ముక్కను (ఆంటీసెన్స్‌కు జతపడే, జన్యువు వరుసనే కలిగిన ముక్కను) మాత్రమే కంట్రోల్‌గా పెట్టుకుంటే సరిపోదు. నా దృష్టిలో అది అన్నిటికన్నా బలహీనమైన కంట్రోల్, ఎందుకంటే దాని బేస్‌ల కూర్పే వేరు. అవే బేస్‌లను కలగాపులగం చేసి, తెగడం మొదలయ్యే 3' కొసను మాత్రం యథాతథంగా ఉంచిన ముక్కను వాడండి. మరొక ప్లేటులో అదే నిష్పత్తిలో విడి డీఆక్సీన్యూక్లియోసైడ్‌లను వేయండి. అక్కడా కాలనీలు తగ్గితే అనుమానం బలపడుతుంది. ఇంకొక ప్లేటులో ఆంటీసెన్స్‌తో పాటు డీసీటీపీ కొరతను తీర్చే డీఆక్సీసిటిడిన్ కలిపినప్పుడు కాలనీలు తిరిగి పెరిగితే, థైమిడిన్ విషప్రభావం దాదాపు రుజువైనట్లే. సీరంను 65 డిగ్రీల సెల్సియస్ వద్ద అరగంట వేడిచేస్తే న్యూక్లియేజ్‌ల చురుకు చాలావరకు తగ్గుతుంది, అయితే అటువంటి సీరంలో కణాలు మామూలుగా పెరుగుతున్నాయో లేదో ముందే చూసుకోవాలి.

పెరుగుదలను ట్రిటియం (రేడియోధార్మిక హైడ్రోజన్) ఉన్న థైమిడిన్‌తో కొలవకండి. ముక్కల నుంచి విడుదలైన మామూలు థైమిడిన్ రేడియోధార్మిక థైమిడిన్‌ను పలుచన చేస్తుంది కనుక, కణాలు చక్కగా విభజన చెందుతున్నప్పటికీ రీడింగ్ పడిపోతుంది. చనిపోయిన కణాలకు మాత్రమే పట్టే ట్రిపాన్ బ్లూ రంగు వేసి కణాలను లెక్కపెట్టడం పాత పద్ధతే అయినా నమ్మదగినది.

ఫాస్ఫోరోథియోయేట్ ముక్కలు (ఫాస్ఫేట్‌లో ఒక ఆక్సిజన్ స్థానంలో గంధకం పెట్టినవి) త్వరగా విచ్ఛిన్నం కావు, కానీ వాటికి వేరే చిక్కులున్నాయి: అవి హెపారిన్‌లాగా పెరుగుదల కారకాలకు అతుక్కుంటాయి, వరుసగా నాలుగు గ్వానిన్‌లుంటే ముక్కలు ఒకదానితో ఒకటి ముడిపడి, లక్ష్యంతో నిమిత్తం లేకుండానే కణవిభజనను అణచగలవు, మిథైల్ లేని సీజీ జంట సరైన బేస్‌ల నడుమ ఉంటే బీ లింఫోసైట్‌లను రెచ్చగొడుతుంది. కణవిభజనకు తోడ్పడే సి-మిక్, సి-మిబ్ జన్యువులపై వాడిన ఆంటీసెన్స్ ముక్కలలో పెరుగుదల ఆగడానికి గ్వానిన్ వరుసలే అసలు కారణమని 1995లో నునుపు కండర కణాలపై చూపించారు.

ఇవన్నీ దాటిన తరువాతే లక్ష్యాన్ని పరీక్షించండి. బీసీఆర్-ఏబీఎల్ విషయంలో బీ3ఏ2 సంధికి (బీసీఆర్, ఏబీఎల్ జన్యువులు అతుక్కునే చోటు బీ3ఏ2, బీ2ఏ2 అనే రూపాలలో ఉంటుంది) రాసిన ముక్కను ఆ సంధే ఉన్న కే562 లుకేమియా కణాలపైన, బీ2ఏ2 సంధి ఉన్న బీవీ173 కణాలపైన, ఆ జన్యువే లేని హెచ్‌ఎల్-60 కణాలపైన ఒకేసారి ప్రయోగించి, మూడింటిలోనూ కణాల సంఖ్యతో పాటు మొదటి రెండింటిలో వెస్టర్న్ బ్లాట్ (యాంటీబాడీలతో ప్రోటీన్‌ను గుర్తించే పరీక్ష) ద్వారా బీసీఆర్-ఏబీఎల్ ప్రోటీన్‌ను కొలవాలి. హెచ్‌ఎల్-60 కూడా అంతే తగ్గితే, కే562లో వచ్చిన ఫలితాన్ని ఆంటీసెన్స్ ఖాతాలో వేయకండి.